ఉద్యోగపర్వమున రాయబారులు: ఒరుల పక్షమున బలుకు వృత్తి

ఒకరి పనిని మరియొకరు పూనుకొని, అధికారము గలవారి యెదుట వారి పక్షమున మాటాడుట నేడు లోకమున నొక వృత్తిగా స్థిరపడినది. ఇంగ్లీషున దీనిని లాబీయింగ్ అందురు. చట్టసభా మందిరమున సభ్యులు వచ్చుచు బోవుచుండు నడవకు లాబీ యని పేరు. ఆ నడవలో నిలిచి, సభ్యులను గలిసికొని, తమ కక్షిదారులకు లాభించునట్లు వారిని ఒప్పించువారి పనికి ఆ నడవ పేరే అంటుకొన్నది. మన పత్రికలును ఆ మాటనే తెలుగు లిపిలో వ్రాయుచున్నవి. ప్రజావ్యవహారములని, విధానసలహా యని ఈ వృత్తివారు తమ పనికి మరికొన్ని గౌరవనామములు కల్పించుకొన్నారు. పేరేదైనను, పుచ్చుకొన్న పని ఒరులది, పలుకు నోరు తనది.

తెలుగు శాఖవారి పత్రికలో ఈ ప్రస్తావన యేల యని కొందరు శంకింపవచ్చును. ఈ వృత్తిని గూర్చి మన సారస్వతము చేసిన యాలోచన నేటి శాసనకర్తలు చేసిన దానికంటె తక్కువది కాదని మా యభిప్రాయము. మహాభారతమున నుద్యోగపర్వము మొదలు తుదివరకు రాయబారముల పర్వము. ద్రుపదుని పురోహితుడు, సంజయుడు, శ్రీకృష్ణుడు, ఉలూకుడు వరుసగా వచ్చి పోవుదురు. వారు మోసికొనిపోయిన మాటలే ఆ పర్వమున కథ. మనము తరగతి గదులలో ఆ ఘట్టములను పద్యము వెంట పద్యముగా వల్లించుచున్నాము. పాత్రపోషణ మెట్టిది, రసమేది, అలంకారమేది అని అడుగుచున్నాము. కృష్ణ రాయబారమన్నచో భగవల్లీల యని నమస్కరించి ముందునకు సాగుచున్నాము. ఈ మనుష్యులు ఒక వృత్తిని నడపుచున్నారనియు, ఆ వృత్తికి ధర్మములు, ప్రలోభములు, హద్దులు కలవనియు ఆ దృష్టితో పర్వమును చదువుట మాత్రము అరుదు. ఈ వ్యాసమున మేము పెట్టుకొన్న ప్రశ్న యొక్కటే: పలుకువాడు ఎవరి కూడు తిని పలుకుచున్నాడో వినువానికి తెలియునా?

మొదట మాటల చరిత్ర కొంత చూడవలసియున్నది. మనకు తొలినుండి యున్నమాట రాయబారము. అది రాజుల నడుమనే గాక పెండ్లి సంబంధములకును, అన్నదమ్ముల పంపకములకును నేటికిని వాడుకలో నున్నది. పారసీ పరిపాలనభాషగా వ్యాపించిన పిమ్మట వకీలు అను మాట వచ్చెను. ఆదిలో నాతడు ఒక ప్రభువు తరపున మరియొక ప్రభువు దర్బారున నుండు ప్రతినిధి. న్యాయస్థానపు నల్లకోటు అతనికి తరువాత తొడిగినది. పైరవీ యన్న పారసీ మాటకు అడుగుజాడల వెంబడి నడచుట యని యర్థము. ఉర్దూ వ్యవహారమున వ్యాజ్యమును విడువక వెంబడించి నడపుటకు పైరవీ యనుట నింద కాదు. తెలుగున నదే మాట తిట్టుగా మారినది. పైరవీకారుడన్నచో ఎవ్వడును సంతోషింపడు. మాట నీచార్థమునకు దిగినదనగా ఆ పనివానిని జనులు చూచు చూపు మారినదని గ్రహింపవలెను.

ఈ మార్పు జరిగిన మార్గమున దుబాసీ యొకడు నిలిచియున్నాడు. చెన్నపట్టణమునను పుదుచ్చేరిలోను ఐరోపా వర్తకులకు భాషను చెప్పుచు, బేరమును కుదుర్చుచు, స్థానిక ప్రభువుల యొద్ద వారి పనులు చక్కబెట్టుచు నుండిన వాడు దుబాసీ. అతడు రెండు భాషల వాడగుటచేత ద్విభాషి. రెండు పక్షముల నడుమ నుండుటచేత అనుమానపాత్రుడు. డూప్లే కాలమున ఫ్రెంచివారి ప్రధాన దుబాసీయైన ఆనందరంగ పిళ్ళ (1709-1761) తెలుగు కవులకు ఆశ్రయదాత. కస్తూరి రంగకవి ఆనందరంగరాట్ఛందమును అతని పేర వెలయించెను. ఛందస్సు చదువు విద్యార్థులు ఆ లక్షణమును పట్టుదురు గాని, పేరులోని ఆనందరంగడు ఏ పని చేసి అంత సంపద గడించెనని అడుగుట కానము. ఇక కన్యాశుల్కమున రామప్పంతులు ఉన్నాడు. పెండ్లి బేరమున ఇరుపక్షముల రాయబారమును తానే నడపి లాభమును తన యొడిలో వేసికొనజూచినవాడు అతడు. అతని చేతిలో రాయబారము పూర్తిగా పైరవీగా మారిపోయినది. అతని మాటను నమ్మినవాడు పెండ్లికూతురని తెచ్చుకొన్నది ఆడువేషము వేసికొన్న కుఱ్ఱవానిని. గురజాడ ఆ వృత్తికి విధించిన శిక్ష నవ్వు.

నేటి శాసనములు ఈ వృత్తిని నిషేధింపలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రములు 1946లో నొక శాసనమును, అది చాలదని తోచి 1995లో మరియొక శాసనమును చేసినవి. పలుకువాడు తన పేరును నమోదు చేసికొనవలెను. ఏ కక్షిదారు పక్షమున, ఏ విషయమున, ఎంత ధనమునకు పలికెనో నియతకాలమున వెల్లడింపవలెను. బ్రిటన్ 2014లో కక్షిదారుల పక్షమున పలుకు వృత్తివారిని నమోదు చేయుటకు శాసనము చేసెను. భారతదేశమున దీనికై ప్రత్యేక శాసనము లేదు. ఈ లోపము ఎట్లు బయటపడినదో చూడుడు. వాల్‌మార్ట్ అను అమెరికా వర్తక సంస్థ తన దేశపు శాసనము ననుసరించి సమర్పించిన వివరములలో భారత విపణిలో ప్రవేశమును గూర్చియు లాబీయింగ్ జరిపినట్లు వ్రాసికొన్నది. 2012 డిసెంబరులో నది మన పార్లమెంటున పెద్ద అలజడికి కారణమైనది. 2013లో విశ్రాంత న్యాయమూర్తి ముకుల్ ముద్గల్‌తో ఏకసభ్య విచారణ సంఘమును ప్రభుత్వము నియమించెను. అచ్చట వెల్లడించుట శాసనవిధి. అదే వెల్లడింపు ఇచ్చట గుట్టు రట్టయినట్లు తోచెను. ఆ శాసనములు పలుకువాని మాట సత్యమా యని అడుగవు, ధర్మమా యని అడుగవు. ఎవరి పక్షమున వచ్చితివి, ఎంత పుచ్చుకొంటివి అని మాత్రమే అడుగును. ఉద్యోగపర్వము ఆ ప్రశ్నతోనే మొదలై, దానిని దాటి ఇంకొక ప్రశ్నకు పోవును.

ప్రాచీనులు దూతలను విభజించిన తీరు ఇచ్చట స్మరింపదగినది. శామశాస్త్రి 1909లో మైసూరున ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున దూతలు ముత్తెఱగులుగా చెప్పబడిరి. కార్యభారమంతయు తానే వహించి, సమయమునుబట్టి నిర్ణయము చేయగలవాడు నిసృష్టార్థుడు. హద్దు గీసి పంపబడినవాడు పరిమితార్థుడు. అప్పగించిన సందేశమును మాత్రము మోసికొనిపోవువాడు శాసనహరుడు. ప్రాణాపాయమున్నను సందేశమును చెప్పినది చెప్పినట్లు చెప్పవలెననియు, ఎదుటివారి మర్యాదకు పొంగిపోరాదనియు, మద్యమును స్త్రీలను విడువవలెననియు, ఒంటరిగా పరుండవలెననియు కౌటిల్యుడు నియమించెను. ఒంటరిగా పరుండుట యేల? నిద్రలో పలవరించినను ప్రభువు గుట్టు బయటపడునని. ఇట్లు ఈ విభాగమంతయు పంపినవాని క్షేమమును దృష్టియందుంచుకొని చేసినది. వినువానికి రాయబారి యేమి ఋణపడియున్నాడను ప్రశ్న అందులో లేదు. ఆ ప్రశ్న వేసినది ఇతిహాసము.

ఆ పర్వమును తెనిగించినవాడు మంత్రి యగుట మనకు కలిసివచ్చినది. తిక్కన నెల్లూరి మనుమసిద్ధి కొలువున మంత్రి. మనుమసిద్ధి రాజ్యభ్రష్టుడైనపుడు తిక్కన యోరుగంటికి పోయి, కాకతి గణపతిదేవుని సభలో భారతార్థమును వినిపించి మెప్పించి, తన ప్రభువునకు సైన్యసహాయము సంపాదించెనని కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రమున చెప్పిన కథ సుప్రసిద్ధము. మన సాహిత్యచరిత్రలు దీనిని తిక్కన పాండిత్యమునకు తార్కాణముగా చెప్పి విడిచినవి. మేము దీనిని రాయబారపు కథగా చదువుచున్నాము. ఒక చిన్న ప్రభువు పక్షమున ఒక పెద్ద ప్రభువు సభకు పోయి, అడుగవలసినది సైన్యమైనను ముందు భారతమును వినిపించి, సభను తనవైపు త్రిప్పుకొని, పిమ్మట పని నడిపిన మంత్రి కథ యిది. ఇట్టి కథ మరియొక కవిని గూర్చి పుట్టలేదు. ఉద్యోగపర్వమున సభల వర్ణనము, ఒకరు మాటాడుచుండగా మరియొకరి మొగము మారుట, పలుకుబడిలో నొక మెత్తన, ఆ మెత్తనలో నొక కత్తి, ఇవన్నియు చదివినవారికి ఆ కథ ఎందుకు పుట్టెనో అడుగవలసిన పని లేదు. నిర్వచనోత్తరరామాయణమును మనుమసిద్ధి కంకితమిచ్చిన యాతడు భారతమును హరిహరనాథున కిచ్చెను. నరునికి కృతియిచ్చిన చేతితోనే దేవునికి కృతియిచ్చినవానికి, పక్షము వహించి పలుకుట యెట్టిదో తెలియును.

ఇక పర్వమును చూతము. మొదట పోయినవాడు ద్రుపదుని పురోహితుడు. ఇతని పంపునపుడు ద్రుపదుడు చెప్పిన మాటలు శ్రద్ధగా చదువదగినవి. ధర్మము చెప్పుము, ధృతరాష్ట్రుని మనసును, యోధుల మనసులను కదలింపుము, విదురుడు నీ మాటను బలపరచును, భీష్మద్రోణాదులలో భేదము పుట్టును, వారిని తిరిగి కూడగట్టుకొనుటకు కౌరవులకు కాలము పట్టును, ఈ లోపల మనము సేనలను సమకూర్చుకొందము అని ఆతడు బోధించెను. సంధి పేరున వచ్చినవాని మూట యందు కాలయాపన యున్నది. నేటి వృత్తివారిలో శాసనమును మార్పించుటకంటె వాయిదా వేయించుటకే ఎక్కువ ధనము పుచ్చుకొనువారు కలరని వినికిడి. వారు ద్రుపదుని చదివియుండరు గాని అతని శిష్యులే. అయినను పురోహితుడు మంచి రాయబారి కాలేకపోయెను. అతని మాట సత్యమే గాని మిక్కిలి తీక్ష్ణమని, అది బ్రాహ్మణ్యమువలన వచ్చినదని భీష్ముడు తలపోసెను. ఇంతలో కర్ణుడు అడ్డు వచ్చెను, సభ చెదరెను. సత్యము చేతనున్నంత మాత్రమున రాయబారము ఫలింపదు. అధ్యాపకులమైన మనకు ఈ పురోహితుని మీద కొంత సానుభూతి యుండుట సహజము.

ఈ నడుమ శల్యుని కథ వచ్చును. ఇతడు నకుల సహదేవులకు మేనమామ. పాండవులకు తోడ్పడుటకై సేనతో బయలుదేరెను. దారిపొడుగునను దుర్యోధనుడు రహస్యముగా విడిదులు కట్టించి, అన్నపానములు, అలంకారములు ఏర్పరచెను. శల్యుడు ఇది యంతయు ధర్మరాజు చేసిన మర్యాద యని మురిసి, దీనిని చేసినవారిని పిలువుడు, వారికి బహుమానమిచ్చెదననెను. చాటున నున్న దుర్యోధనుడు బయటికి వచ్చెను. శల్యుడు వరమిచ్చెను, వరము రూపమున తన సేనను, తన పక్షమును ఇచ్చెను. ఇందు దుర్యోధనుడు అబద్ధము ఒక్కటియు పలుకలేదు. అడుగనిదే చెప్పలేదు, అంతే. విడిది యెవరిదో శల్యుడు అడిగియుండిన యెడల కథ లేదు. విందు పెట్టినవాని పేరు మరుగుపడియుండుటయే అందలి యుపాయము. నేటి శాసనములు కానుకలను, విందులను, ప్రయాణపు ఖర్చులను లెక్క చెప్పుమని అడుగుట ఈ శల్యుని విడిదులను బట్టియే యని చెప్పిన అతిశయోక్తి కాదు.

దీని వెంటనే ధర్మరాజు చేసిన పని మన పౌరాణికులు తొందరగా దాటించుదురు. శల్యుడు వచ్చి జరిగినది చెప్పినపుడు, కర్ణుని రథమును నీవు తోలవలసివచ్చినయెడల అతని తేజమును మాటలతో చంపుమని ధర్మరాజు అడిగెను, శల్యుడు సరేయనెను. ఒక పక్షమున కూర్చుండి మరియొక పక్షమునకు పని చేయుటకు ఇది యొప్పందము. ధర్మరాజు దీనిని చేయరాని పనియే యని యెరిగియు అడిగినట్లు మూలమున నున్నది. ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నిలిపిన ఇతిహాసకర్త, మరుగున నడపు వ్యవహారమున ఇరుపక్షములకును చేయి యున్నదని స్పష్టముగ చూపినాడు. పాండవపక్షపాతముతో చదువు పాఠకునికి ఇది మింగుడుపడదు. మింగుడుపడకపోవుటయే మంచిది.

సంజయుని రాయబారము ఈ పర్వమున సూక్ష్మమైన ఘట్టము. ధృతరాష్ట్రుడు అతనిని పంపుచు ఇత్తునని చెప్పుమన్నది ఏమియు లేదు. ఊరు ఇత్తుననలేదు, భాగమిత్తుననలేదు. శాంతి కావలెనని మాత్రము చెప్పి రమ్మనెను. సంజయుడు ఉపప్లావ్యమునకు పోయి చేసినది ధర్మోపన్యాసము. యుద్ధము పాపము, బంధువులను చంపి పొందిన రాజ్యము రాజ్యము కాదు, అంతకంటె అంధకవృష్ణుల రాజ్యమున భిక్షమెత్తి బ్రతుకుట మేలు అని అతడు ధర్మరాజునకు బోధించెను. ఈ మాటలలో అసత్యము లేదు. ధర్మరాజు మనసున నున్న మాటలే ఇవి. యుద్ధము ముగిసిన పిమ్మట అతడే ఇట్లు వాపోవును. అయినను ఈ సత్యము ఎవరి పనికి వచ్చుచున్నది? దోచుకొన్నవాడు దోచుకొన్న దానిని విడువక, పోగొట్టుకొన్నవానికి వైరాగ్యము చెప్పి పంపినాడు. అందరి మేలు కొరకు అన్నట్లు వినబడు మాట ఒక్కని మేలు కొరకు పలుకబడుట ఈ వృత్తియందు మిక్కిలి ప్రమాదకరమైన విద్య. నేడును పొగాకు వ్యాపారి తన లాభమును గూర్చి మాటాడడు. పొగత్రాగువాని స్వేచ్ఛను గూర్చి, రైతు బ్రతుకుదెరువును గూర్చి మాటాడును.

సంజయుడు దుష్టుడు కాడు. ఇదియే ఈ ఘట్టమునకు బరువు తెచ్చినది. పాండవులు అతనిని ప్రేమించుదురు. ధర్మరాజు అతనితో హస్తినాపురమున నున్న ప్రతి యొక్కరి క్షేమమును అడిగి రమ్మనును. పెద్దలను, గురువులను, అంతఃపుర స్త్రీలను, దాసదాసీజనమును, కుంటివారిని గ్రుడ్డివారిని గూడ పేరుపేరున తలచును. ఎదుటివాడు తనకు వైరాగ్యము అమ్మవచ్చినవాడని ధర్మరాజు ఎరుగును. అమ్మవచ్చినవాడు మంచివాడనియు ఎరుగును. తిరుగు మాటగా ఐదూళ్ళడిగి పంపెను. వైరాగ్యమునకు ప్రతిగా ఒక లెక్క చెప్పుట ఆతని నేర్పు. ఐదూళ్ళన్న మాటతో సంజయుని ధర్మోపన్యాసమంతయు ఒక్క త్రుటిలో పరీక్షకు నిలిచినది.

తిరిగి వచ్చిన సంజయుడు ఆ రాత్రి ధృతరాష్ట్రుని చూచి, నీవు చేయుచున్నది తప్పు అని మందలించి, రథవేగమున అలసితిని, పాండవుల మాట రేపు సభలో చెప్పెదనని పోయి పరుండెను. రాజునకు నిద్ర పట్టలేదు, విదురుని పిలిపించుకొనెను, అట్లు విదురనీతి పుట్టెను. ఆ పిమ్మటి సనత్సుజాతీయమును తిక్కన మిక్కిలి సంక్షేపించుట విమర్శకులు గమనించినదే. తత్త్వము తగ్గిన కొలది, రాయబారి నివేదికకై వేచియున్న రాజు నిద్రలేమి మనకు దగ్గరగా కనబడుచున్నది. పరుల యెదుట ప్రభువు పక్షమును విడువక మాటాడి, ప్రభువు యెదుట పరుల న్యాయమును దాచక మాటాడినవాడు సంజయుడు. పరిమితార్థుడను పేరులో ఈ గుణము ఇముడదు.

రాయబారి తన ప్రభువునకు పంపు నివేదికయే ఒక గ్రంథమైన సందర్భము మనకొకటి కలదు. అది రాయవాచకము. మధుర ప్రభువైన విశ్వనాథనాయనికి అతని స్థానాపతి వ్రాసి పంపిన వార్తగా ఆ వచనము నడచును. స్థానాపతి యనగా ఒక ప్రభువు తరపున మరియొక ప్రభువు ఆస్థానమున కాపురముండి, వార్తలు పంపుచు, పనులు చక్కబెట్టుచు నుండు ప్రతినిధి. నేటి రాజధానులలో కక్షిదారుల తరపున కార్యాలయములు పెట్టుకొని కూర్చున్నవారికి ఇంతకంటె దగ్గరి పూర్వుడు మన భాషలో కానరాడు. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో విజయనగర చరిత్రాధారములను సంకలనము చేసినపుడు దీనిలోని భాగములను చేర్చిరి. అప్పటినుండి చాలకాలము చరిత్రకారులు దీనిని కృష్ణదేవరాయల దినచర్యకు సాక్ష్యముగా ఏరుకొనిరి. 1993లో ఫిలిప్ వాగనర్ దీనిని ఇంగ్లీషున అనువదించి, ఇది రాయల కాలపు వ్రాత గాక పదునేడవ శతాబ్ది తొలినాళ్ళ ప్రాంతమున మధుర నాయకుల కొలువున పుట్టిన రచన యని, విజయనగరపు వైభవమునుండి ఆ నాయకుల అధికారమునకు ప్రామాణ్యమును సంపాదించుట దీని పని యని వివరించెను. మాకు ఆ వివరణము సమంజసముగ తోచుచున్నది. అట్లైనచో, వార్తాపత్రము రూపమున నున్నది నిజమునకు పక్షవాదము. తన ప్రభువునకు మాత్రమే వ్రాసికొన్న జాబు అన్నచో వినువాడు నమ్మును. పొగడ్త యన్నచో నమ్మడు. ఆ గ్రంథకర్త పద్యమును విడిచి వ్యావహారిక వచనమును పట్టుట భాషాచరిత్రలో నొక విశేషముగా మనము చెప్పుకొందుము. పక్షవాదమునకు నివేదిక వేషము వేయుటలో ఆ వచనము ఎంత తోడ్పడెనో కూడ చెప్పుకొనవలెను.

శ్రీకృష్ణుని రాయబారమునకు వత్తము. బయలుదేరుటకు ముందు జరిగిన సభ ఏ వకీలైనను ఎరిగిన చిక్కును చూపును: కక్షిదారు ఒక్కడు కాడు. ధర్మరాజునకు యుద్ధము ఇష్టము లేదు, రాజ్యము వదలుకొనుటయు ఇష్టము లేదు. భీముడు ఎన్నడు లేని మెత్తదనముతో సంధి పలికి కృష్ణుని చేత నవ్వించుకొనెను. సహదేవుడు, సాత్యకి యుద్ధమే కావలెననిరి. తుదకు ద్రౌపది విడిచిన తల వెండ్రుకలను చేతబట్టి చూపెను. ఈ ఘట్టమున తిక్కన కలము ఎట్లు కదలినదో తెలుగువారికి చెప్పబనిలేదు. మేము చూపదలచినది మరియొకటి. ద్రౌపది మాటతో కృష్ణుని సంధిపత్రమునకు హద్దు ఏర్పడినది. నిసృష్టార్థుడన్నను, తన వారిలో ఒకరి కన్నీటికి మాట యిచ్చి బయలుదేరినవాడు అతడు. అతని చేతిలో ఐదూళ్ళును కలవు, ఆ వెండ్రుకలును కలవు.

మరియు కృష్ణుడు ధర్మరాజుతో పోవుటకు కారణము చెప్పుచు, దుర్యోధనుని గూర్చి రెండు విధములుగ తలంచు లోకులకు సంశయము తీర్చుటకు పోవుచున్నాననెను. ఇది చాల గంభీరమైన మాట. అతని శ్రోత ధృతరాష్ట్రుడు మాత్రమే కాడు. సభ నిండిన రాజులు, వీధుల వెంట నిలిచిన పౌరులు, దేశదేశములకు ఈ మాటను మోసికొనిపోవు జనులు. సంధి కుదిరినచో మేలు. కుదరనిచో తప్పెవరిదో లోకమునకు తెలియును. ప్రజావ్యవహారములని నేటివారు పేరు పెట్టిన విద్యకు మూలసూత్ర మిదియే. నాటకసమాజములవారు తిరుపతి వేంకటకవుల పద్యములను రాగము తీసి పాడి రాయబార ఘట్టమును ఊరూర ఆడుట చూచినవారు ఆ సూత్రము ఫలించిన తీరును ఎరుగుదురు. హస్తినాపురపు సభలో ఓడిన వాదము పల్లెటూరి పందిరిలో ప్రతి రాత్రియు గెలుచుచున్నది.

శల్యునికి పన్నిన ఉపాయమునే దుర్యోధనుడు కృష్ణునికిని పన్నెను. దారిలో విడిదులు, వృకస్థలమున రత్నాలంకారములు. కృష్ణుడు వానివైపు కన్నెత్తి చూడక సాగిపోయెను. ధృతరాష్ట్రుడు రథములను, ఏనుగులను, దాసజనమును కానుక లీయదలపగా, నీవు ధనముతో కృష్ణుని అర్జునునుండి వేరుచేయజూచుచున్నావు, అది కానిపని యని విదురుడు ముఖమెదుటనే చెప్పెను. ఇంటికి భోజనమునకు పిలిచిన దుర్యోధనునితో కృష్ణుడు, దూతలు పని నెరవేరిన పిమ్మటనే భుజింతురు, పూజ లందుకొందురు అని బదులిచ్చెను. నెరవేరినను నెరవేరకున్నను మా యింట భుజింపుమని అతడు పట్టుబట్టగా, అన్నము ప్రీతివలన తినవలెను లేక ఆపదలో తినవలెను. నీకు ప్రీతి లేదు, నాకు ఆపద లేదు అని త్రోసిపుచ్చెను. ఆ మీదట తన పక్షమును దాచక, పాండవులను ద్వేషించువాడు నన్ను ద్వేషించువాడే యని తేల్చి చెప్పి, విదురుని యింట భుజించెను. శల్యుడు విడిది ఎవరిదో అడుగక తినెను. కృష్ణుడు ఎవరిదో తెలిసి మానెను. ఈ రెండు భోజనముల నడుమ ఉద్యోగపర్వము రాయబారధర్మమును నిలిపినది. మధ్యస్థుని వేషము కృష్ణుడు వేయలేదు. తాను పక్షపాతినని ముందే చెప్పినవాని మాటను వినువాడు తూకము వేసికొని వినగలడు. సంజయుని మాటకు ఆ తూకము లేకుండెను. ధర్మరాజు తానుగా దానిని వేసికొనవలసివచ్చెను.

పని కాదని తెలిసియు ఏల వచ్చితివని ఆ రాత్రి విదురుడు అడిగెను. శక్తికొలది యత్నించినవానికి ఫలము దక్కకున్నను పుణ్యము దక్కుననియు, చేయగలిగియు కృష్ణుడు వారించలేదని అజ్ఞులు అనకుండుటకును వచ్చితిననియు అతడు చెప్పెను. కొందరు విమర్శకులు దీనిని పట్టుకొని, ఈ రాయబారము లోకము కొరకు ఆడిన యాట, ఫలము ముందే నిర్ణీతము అందురు. మేము ఒప్పుకొనజాలము. సభలో అతడు ధృతరాష్ట్రునికి చెప్పిన మాటలలో తొందర లేదు, పొడుపు లేదు. ఒప్పించుటకు పలికినవే గాని ఓడుటకు పలికినవి కావు. సూదిమొన మోపినంత నేలయు ఇయ్యనని దుర్యోధనుడు తేల్చిన పిమ్మట గదా అతడు స్వరము మార్చినది. ఓటమి సంభవమని తెలిసి యత్నించుట వేరు, ఓటమిని కోరి నటించుట వేరు. న్యాయవాదవృత్తి చేయువారు ఈ భేదమును ప్రతిదినము ఎరుగుదురు.

ఇంతవరకు కృష్ణుడు నిష్కళంకుడగు రాయబారి. ఆ మీద జరిగినది మాత్రము అంత సులభముగ తీరునది కాదు. సభనుండి వెడలుచు అతడు కర్ణుని తన రథముపై నెక్కించుకొని, ఊరు వెలుపలికి కొనిపోయి, నీవు కుంతికి తొలిబిడ్డడవు, వచ్చి పాండవులకు పెద్దవై రాజ్యమేలుమని చెప్పెను. భేదోపాయమున కిది పరాకాష్ఠ. కర్ణుడు నిరాకరించి, ఒక్క కోరిక కోరెను: ఈ మాట మన ఇద్దరి నడుమనే యుండవలెను. నేను అన్ననని తెలిసినచో ధర్మరాజు రాజ్యము పుచ్చుకొనడు. నా చేతికి వచ్చిన రాజ్యమును నేను దుర్యోధనునికే ఇత్తును. కృష్ణుడు ఆ రహస్యమును కాపాడెను.

ఎవరి యెదుట కాపాడెను? తన్ను పంపినవాని యెదుట. ఉపప్లావ్యమునకు తిరిగి వచ్చి సభావృత్తాంతమంతయు వివరించెను. సామమును, భేదమును, దానమును ప్రయోగించి చూచితిననెను. ఆ రథము మీది మాట మాత్రము చెప్పలేదు. తెలిసినచో ధర్మరాజు రాజ్యము పుచ్చుకొనడని కర్ణుడే చెప్పియుండెను గదా. కక్షిదారు నిర్ణయమును మార్పగల సత్యము రాయబారి యొద్ద నుండి కక్షిదారునికి అందలేదు. ఎదుటిపక్షమునకు తన పక్షమును దాచనివాడు తన పక్షమునకు ఎదుటివాని జన్మమును దాచెను. కౌటిల్యుని నియమములలో దీనికి సమాధానము లేదు. 1946 నాటి శాసనమునను లేదు, 1995 నాటి దానియందును లేదు. అవన్నియు వినువాని యెదుట ఏమి వెల్లడింపవలెనో చెప్పును. కృష్ణుడు దేవుడు గనుక అట్లు చేసెనని చెప్పుట సమాధానము కాదు, ప్రశ్నను మూయుట. కర్ణునికి ఇచ్చిన మాట యొకవైపు, ద్రౌపదికి ఇచ్చిన మాట యొకవైపు ఉండగా, ధర్మరాజునకు తెలియవలసిన హక్కు ఆ రెంటి నడుమ నలిగినది. నిసృష్టార్థుడనగా కార్యభారమంతయు వహించువాడని శాస్త్రము. ఆ భారములో, పంపినవానికి బదులుగా నిర్ణయించు అధికారము కూడ చేరునా యను సంశయమును ఇతిహాసము తీర్చక విడిచినది.

స్త్రీపర్వమున, చనిపోయినవారికి తర్పణములు విడుచునపుడు, కుంతి నోట ఆ నిజము వెలువడును. ముందే తెలిసియుండినచో ఈ వంశనాశము జరుగకుండెడిదని ధర్మరాజు విలపించును. అతని నింద కుంతి మీదికి పోయెను. శాంతిపర్వారంభమున స్త్రీజాతి మీదికి పోయి శాపమయ్యెను. కృష్ణుడు అచ్చటనే యున్నాడు. రాయబారమున జరిగినదంతయు చెప్పినవాడవు, ఆ యొక్క మాట ఏల చెప్పలేదని అతనిని ఎవ్వరును అడుగలేదు.